హైదరాబాద్‌లో గాలి ఆడే ప్రభుత్వ భవనం: ప్లాను నుంచి తాళంచెవి దాకా

కొన్నేళ్ళ క్రితం ఒక మే నెలలో, నగరానికి పడమటి వైపున ఉన్న ఒక చిన్న గ్రంథాలయానికి వరసగా వారం రోజులు వెళ్ళాను. పఠన మందిరానికి ఎదురెదురు గోడల్లో పన్నెండు కిటికీలు, వాటి పైన రోషన్‌దాన్లు, అంటే కప్పు దగ్గరి చిన్న గాలి కిటికీలు, ఉన్నాయి. కాగితం మీద లెక్క చూస్తే గాలికి ఏ లోటూ ఉండకూడదు. కానీ సాయంత్రం ఐదున్నర కాగానే అటెండరు కిటికీలన్నిటికీ గడియలు పెట్టి, తలుపుకు తాళం వేసి వెళ్ళిపోయేవారు. మర్నాడు పొద్దున పది గంటలకు తలుపు తీసిన వెంటనే పడమటి గోడకు లోపలి వైపు అరచెయ్యి ఆనిస్తే, పొయ్యి మీది నుంచి దించి గంటైన గంజి గిన్నెను తాకినట్టు వెచ్చగా తగిలేది. తెల్లవారుజామున బయట 27 డిగ్రీలు, తలుపు తీసేసరికి లోపల 34 డిగ్రీలు. రాత్రంతా చల్లగాలి ఆ భవనం చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది తప్ప లోపలికి రావడానికి దానికి దారి దొరకలేదు.

ఈ నగరంలో సహజమైన గాలి గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ గోడ దగ్గరే మొదలవుతుంది. ఎన్ని కిటికీలు పెట్టామన్నదాని కంటే అవి ఏ వేళ తెరిచి ఉంటాయన్నది ముఖ్యం. ఇంట్లో అయితే రాత్రి కిటికీ తెరుచుకుని పడుకునే మనుషులుంటారు. బడికీ, గ్రంథాలయానికీ, వార్డు కార్యాలయానికీ మాత్రం చల్లగాలి దొరికే వేళకు తాళం పడుతుంది, వడగాలి మొదలయ్యే వేళకు తలుపులు తెరుచుకుంటాయి. అందువల్ల ఇలాంటి భవనానికి ప్లాను గీసే ఆర్కిటెక్టు, ఇంజనీరు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: తాళం వేసిన తరవాత ఈ భవనంలోకి గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది?

ముందుగా ఊరి గాలిని తెలుసుకోవాలి

హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇంధన పొదుపు భవన నియమావళి ఈ నగరాన్ని మిశ్రమ వాతావరణ మండలంలో చేర్చింది. అంటే ఒకే భవనం మూడు వేర్వేరు కాలాలకు మూడు రకాలుగా పనిచేయాలి. మే నెలలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దగ్గర, రాత్రి కనిష్ఠం 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ పదమూడు డిగ్రీల తేడాయే మన చేతిలో ఉన్న పెట్టుబడి. రాత్రి గాలితో గోడలనూ స్లాబునూ చల్లార్చి, పగలు తలుపులు మూసి ఆ చలువను కాపాడుకోవడం ఎండాకాలపు పద్ధతి. సముద్రం పక్కనున్న విశాఖపట్నంలో పగటికీ రాత్రికీ ఇంత తేడా ఉండదు కనుక అక్కడ బాగా పనిచేసే డిజైనును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

మృగశిర కార్తె దాటి వానలు పడ్డాక లెక్క మారిపోతుంది. పగటికీ రాత్రికీ తేడా ఏడెనిమిది డిగ్రీలకు పడిపోతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, రాత్రి గోడలను చల్లార్చడం వల్ల వచ్చే లాభం తగ్గుతుంది. అప్పుడు కావలసింది ఒంటి మీది చెమటను ఆరబెట్టే గాలి కదలిక. దానికి పగలంతా ఎదురెదురు కిటికీలు తెరిచి ఉండాలి. చలికాలంలో ఊపిరికి సరిపడా గాలి మారితే చాలు, పెద్దగా కష్టపడనక్కరలేదు.

లోపల ఎంత వేడి ఉంటే మనుషులు ఓర్చుకోగలరన్నదానికి కూడా ఒక లెక్క ఉంది. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం భారతీయ కార్యాలయాలలో చేసిన పరిశీలన నుంచి వచ్చిన సూత్రాన్ని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 స్వీకరించింది. ఏసీ లేని భవనానికి, గత 30 రోజుల బయటి సగటు ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలపాలి. బయటి సగటు 33 డిగ్రీలున్న రోజులకు లోపల 30.7 వస్తుంది, దానికి అటూ ఇటూ 2.4 డిగ్రీల వరకు పదిమందిలో తొమ్మిది మందికి ఇబ్బంది ఉండదు. అంటే మే నెలలో లోపల 33 డిగ్రీలు దాటకుండా చూడగలిగితే, ఫ్యాను కింద కూర్చున్న మనిషి పని చేసుకోగలడు. ఏసీని 24కు పెట్టుకునే అలవాటుతో ఈ లక్ష్యాన్ని కొలవకూడదు.

గాలి దిక్కు విషయానికొస్తే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ప్రధానంగా పడమటి గాలి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. వాతావరణ కేంద్రాలు గాలి వేగాన్ని బయలులో, 10 మీటర్ల ఎత్తున కొలుస్తాయి. నాలుగంతస్తుల ఇళ్ళు రెండు వైపులా ఒరుసుకుని నిలబడిన బస్తీలో, మనిషి ఎత్తున, దానిలో సగం దొరికినా అదృష్టమే. అందుకని డేటా చూసి ఊరుకోకుండా, స్థలం నాలుగు మూలలా కర్రలు పాతి పైన సన్నని రిబ్బను కట్టి, ఉదయం, మధ్యాహ్నం, చీకటి పడ్డాక మూడు వేళలా వెళ్ళి చూడాలి. ఎదుటి భవనాన్ని తాకి గాలి వెనక్కి మళ్ళే చోట్లు ఇలా చూస్తేనే బయటపడతాయి.

పడమటి గాలి, పడమటి ఎండ

వానాకాలంలో మనకు కావలసిన గాలి పడమర నుంచి వస్తుంది. ఎండాకాలంలో మనం తప్పించుకోవలసిన ఎండ కూడా అక్కడి నుంచే వస్తుంది. హైదరాబాద్‌లో భవనం దిశను నిర్ణయించడంలో అసలు చిక్కు ఇదే. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలను చూస్తే ఎండకు మంచిది, కానీ పడమటి గాలి ఆ గోడలను రాసుకుంటూ వెళ్ళిపోతుంది. పొడుగు గోడను పడమటికి తిప్పితే గాలి నిండుగా వస్తుంది, దానితో పాటు మధ్యాహ్నం మూడింటి ఎండ కూడా గదిలోకి వచ్చేస్తుంది.

నేషనల్ బిల్డింగ్ కోడ్ దీనికి ఒక మార్గం చెబుతుంది. గాలి గోడకు సూటిగా తగలనక్కరలేదు, 30 డిగ్రీల వరకు ఏటవాలుగా తగిలినా ప్రయోజనం పోదు. ప్రధాన గాలి తూర్పు లేదా పడమర నుంచి వచ్చే చోట 45 డిగ్రీల వరకు తిప్పి ఎండను తగ్గించుకోవచ్చు, లోపలి గాలి కదలిక అంతగా తగ్గదు. నా అనుభవంలో మన నగరానికి అంత మలుపు అవసరం లేదు. దక్షిణపు గోడ కొంచెం పడమటికి మళ్ళేలా, భవనాన్ని 20 నుంచి 25 డిగ్రీలు తిప్పితే చాలు. కారణం ఏమిటంటే, మే నెలలో సూర్యుడు సరిగ్గా పడమట కాక దానికి 20 డిగ్రీలు ఉత్తరాన అస్తమిస్తాడు. కాబట్టి దక్షిణ నైరుతిని చూసే గోడకు ఎండాకాలపు సాయంత్రపు ఎండ ఏటవాలుగా, పలచగా మాత్రమే తగులుతుంది. అదే భవనాన్ని పొరపాటున రెండో వైపుకు తిప్పితే ఉత్తర వాయవ్యపు గోడ ఆ ఎండకు ఎదురుగా నిలబడుతుంది. రెండింటికీ కాగితం మీద కోణం ఒకటే అయినా, లోపల కూర్చునేవారికి చాలా తేడా ఉంటుంది.

తిప్పడానికి స్థలంలో వీలు లేకపోతే, గాలి రాసుకుపోయే గోడకు ప్రతి కిటికీ పక్కన, గాలి వెళ్ళిపోయే వైపున, రెండడుగుల నిలువు పలక కట్టాలి. వెళ్ళిపోతున్న గాలి దాన్ని తాకి ఆగి కిటికీలోకి మళ్ళుతుంది.

సజ్జల లెక్క మనకు చాలా సులువు. నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు. అందువల్ల దక్షిణపు కిటికీకి 60 సెంటీమీటర్ల సజ్జ వేస్తే, మార్చి 21 మధ్యాహ్నానికి దాని నీడ 1.9 మీటర్ల కిందికి దిగి కిటికీ మొత్తాన్ని కప్పుతుంది. డిసెంబరులో 70 సెంటీమీటర్లకే ఆగి, వెచ్చని ఎండను లోపలికి రానిస్తుంది. తూర్పు పడమరల విషయంలో సజ్జ ఎంత పొడిగించినా ఫలితం ఉండదు, ఎండ దాని కింద నుంచి దూరుతుంది. ఆ వైపు వరండా, జాలీ గోడ, లేదా వేప, కానుగ వంటి చెట్లే దిక్కు. మరుగుదొడ్లు, మెట్లు, రికార్డు గదులు పడమటి వైపుకు పెడితే, అవే మిగిలిన గదులకు అడ్డుగోడగా పనికొస్తాయి.

పైకప్పును మరిచిపోయి గాలి గురించి మాట్లాడడం దండగ. మే నెలలో స్లాబు పైన రోజంతా ఎండ కాస్తూ ఉంటుంది, కిందికి ప్రసరించే ఆ వేడిని ఏ కిటికీ గాలీ తీసెయ్యలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. తెల్లని టైలు ముక్కలైనా, ఎండను తిప్పికొట్టే పెయింటైనా ముందు అది వేయించి, ఆ తరవాతే కిటికీల సంగతి చూడాలి.

గది లోతు, కిటికీ తెరుచుకునే మేర

ఒకే గోడకు కిటికీలున్న గదిలో, గాలి ఆ గోడ నుంచి పైకప్పు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పోతుంది. ఎదురెదురు గోడలకు కిటికీలుంటే అయిదు రెట్ల దాకా పోతుంది. పది అడుగుల ఎత్తున్న గదికి మొదటి పద్ధతిలో 20 నుంచి 25 అడుగులు, రెండో పద్ధతిలో 50 అడుగులు. మన కార్యాలయాలలో మామూలుగా కనిపించే ప్లాను మధ్యలో నడవా, దానికి రెండు వైపులా గదులు. కాగితం మీద ఎదురెదురు కిటికీలున్నట్టే ఉంటుంది, కానీ గది తలుపు మూసిన మరుక్షణం అది ఒక్క గోడ గదిగా మారిపోతుంది. వీలైన ప్రతిచోటా గదులను నడవాకు ఒక వైపే పెట్టి, రెండో వైపు వరండాగా తెరిచి వదలాలి. ఆ అవకాశం లేకపోతే తలుపుల పైన వెంటిలేటర్లు పెట్టి, గది నుంచి నడవాలోకి, నడవా నుంచి ఎదుటి గదిలోకి గాలికి దారి ఇవ్వాలి. అయితే జనం తప్పించుకుని బయటపడే దారిలోకి పొగ చేరకూడదన్న అగ్నిమాపక నిబంధనలతో ఈ వెంటిలేటర్లకు పేచీ వస్తుంది. డ్రాయింగు దశలోనే అగ్నిమాపక శాఖతో మాట్లాడి, ఏ నడవాలో పెట్టవచ్చో ఏ నడవాలో కూడదో తేల్చుకోవాలి. కట్టాక ఇటుకలతో పూడ్చిన వెంటిలేటర్లను నేను చాలా చూశాను.

కిటికీల మొత్తం విస్తీర్ణం, గాలి వచ్చేవీ పోయేవీ కలిపి, గది నేల విస్తీర్ణంలో 20 నుంచి 30 శాతం ఉండాలి. ఆ మేరకు పెడితే లోపలి గాలి వేగం బయటి వేగంలో దాదాపు 30 శాతం ఉంటుంది. అంతకు మించి పెంచుకుంటూ పోయినా గాలి పెద్దగా పెరగదు, ఎండ మాత్రం పెరుగుతుంది. రెండు వైపులా దాదాపు సమానంగా పెట్టాలి. ఒకే గోడ దొరికితే ఒక పెద్ద కిటికీకి బదులు దూరదూరంగా రెండు పెట్టాలి. కిటికీ గట్టు, అంటే కింది అంచు ఎత్తు, కూర్చున్న మనిషి ముఖానికీ ఛాతీకీ గాలి తగిలేలా ఉండాలి. నాలుగడుగుల గట్టు మీద నుంచి వచ్చే గాలి తల మీదుగా పోతుంది తప్ప ఒంటికి తగలదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇటీవలి భవనాలలో సగం నష్టం దీనివల్లే జరుగుతోంది. ఇప్పుడు ప్రతి టెండరులోనూ పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీలే రాస్తున్నారు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీని పూర్తిగా జరిపి టేపు పెట్టి కొలవండి. తెరుచుకున్న వెడల్పు రెండడుగులు కూడా ఉండదు, ఫ్రేము పోగా ఇరవై రెండు, ఇరవై మూడు అంగుళాలు మిగులుతుంది. దానికి దోమల జాలీ బిగిస్తే, జాలీ తీగల వల్ల ఆ మిగిలినదాంట్లో కూడా గాలి బాగా తగ్గుతుంది. అదే కొలతతో, రెక్కలు బయటికి తెరుచుకునే పాతకాలపు కిటికీ అయితే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. కాబట్టి లెక్కలో అద్దం విస్తీర్ణం వేయకండి, తెరుచుకునే విస్తీర్ణం వేయండి. రెక్కల కిటికీకి గాలిదుమారంలో కొట్టుకోకుండా గట్టి కొక్కెం, తెరిచిన రెక్కను నిలిపి పట్టే పొడుగాటి స్టే (ఊచ) కావాలి; హైదరాబాద్‌లో ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురు గాలికి ఒక్క అద్దం పగిలితే చాలు, అటెండరు ఆ కిటికీని మళ్ళీ ఎప్పటికీ తెరవరు.

ఒక పఠన మందిరానికి లెక్క

12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తున్న పఠన మందిరాన్ని తీసుకుందాం. లోపలి గాలి 384 ఘనపు మీటర్లు. 60 మంది చదువుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం ఇలాంటి చోట మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి కావాలి. అంటే 60 మందికి సెకనుకు 0.6 ఘనపు మీటరు.

గాలి వచ్చే గోడకు 1.2 మీటర్ల వెడల్పు, 1.35 మీటర్ల ఎత్తున్న రెక్కల కిటికీలు ఆరు, ఎదుటి గోడకు మరో ఆరు పెట్టామనుకుందాం. వచ్చే వైపు విస్తీర్ణం 9.7 చదరపు మీటర్లు. కిటికీ విస్తీర్ణాన్ని గాలి వేగంతో గుణించి, గాలి సూటిగా తగిలితే 0.6తోనూ, ఏటవాలుగా తగిలితే 0.3తోనూ గుణిస్తే లోపలికి వచ్చే గాలి తెలుస్తుంది. బస్తీలో దొరికే మందగాలి, సెకనుకు అర మీటరు, ఏటవాలుగా వస్తోందనుకుంటే సెకనుకు 1.45 ఘనపు మీటర్లు వస్తుంది. అవసరానికి రెట్టింపు కంటే ఎక్కువ. అవే కిటికీలను స్లైడింగుగా మారిస్తే సగమై 0.73 అవుతుంది, దోమల జాలీ కూడా చేరితే అవసరమైన 0.6 చుట్టుపక్కలకు దిగుతుంది. కిటికీ తెరుచుకునే తీరును మార్చినందుకే ఇంత తేడా.

గాలి బొత్తిగా ఆడని రోజు ఉంటుంది కదా. అప్పుడు వేడిగాలి పైకి లేచే గుణం మీద ఆధారపడాలి. నేలకు దగ్గరగా 3 చదరపు మీటర్లు, దానికి 3 మీటర్ల పైన, కప్పు అంచున మరో 3 చదరపు మీటర్లు తెరిచి ఉంచితే, లోపల బయటికంటే 2 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు సెకనుకు 0.8 ఘనపు మీటరు దాకా గాలి కిందనుంచి వచ్చి పైనుంచి పోతుంది. మళ్ళీ మన 0.6 దాటాం.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది డిజైనర్లు దీన్ని గమనించరు. రాత్రి బాగా చల్లార్చిన భవనంలో మే మధ్యాహ్నం లోపలి గాలి బయటి గాలి కంటే చల్లగా, బరువుగా ఉంటుంది. ఆ వేళ పై కిటికీలు తెరిచి పెడితే చల్లగాలి కింది నుంచి జారిపోయి, పైనుంచి వడగాలి దిగుతుంది. అందుకే పై వెంటిలేటర్లు ఎప్పుడూ తెరిచి ఉండే సిమెంటు జాలీలుగా కాక, మూయడానికి వీలున్న రెక్కలతో ఉండాలి.

ఇదే ఏర్పాటు రాత్రి ఏం చేస్తుందో చూడండి. రాత్రి ఒక వేళ లోపల 32, బయట 27 డిగ్రీలు అనుకుందాం. ఆ రెండు 3 చదరపు మీటర్ల తెరపుల గుండా, గాలి వీచకపోయినా, ఫ్యాను లేకపోయినా, సెకనుకు 1.25 ఘనపు మీటర్ల గాలి కదులుతుంది. గదిలోని గాలి మొత్తం గంటకు దాదాపు పన్నెండుసార్లు మారుతుంది. అది బయటికి మోసుకుపోయే వేడి సుమారు 7 కిలోవాట్లు, అంటే 2 టన్నుల ఏసీ చేసే పని. గోడలు చల్లారేకొద్దీ ఇది తగ్గుతూ వస్తుంది నిజమే. అయినా దీనికి కరెంటు బిల్లు లేదు.

తాళం వేసిన తరవాత

ఇంత లెక్క వేసి కట్టినా, రాత్రి కిటికీ తెరిచి ఇంటికి వెళ్ళమని ఏ అటెండరునూ మనం అడగలేం. కంప్యూటరు పోతే, ఫైళ్ళు తడిస్తే, కోతులు దూరి చిందరవందర చేస్తే సంజాయిషీ ఇవ్వవలసింది ఆయనే. ఆయన భయం న్యాయమైనది. దాన్ని తీర్చవలసిన బాధ్యత డిజైనరుది. అందువల్ల రాత్రి గాలికి, కిటికీలతో సంబంధం లేకుండా వేరే దారి కట్టాలి.

నేను వాడే పద్ధతి ఇది. కిటికీ గట్టు కింద, నేలకు అడుగు ఎత్తున, గోడలో అడ్డంగా ఒక తెరపు వదులుతాను. బయటి ముఖానికి కిందికి వాలిన లోహపు లూవర్లు (వరసగా బిగించిన సన్నని పలకలు), వానజల్లు లోపలికి కొట్టకుండా ఉండేంత వాలుతో. వాటి వెనక గోడలో దిగేసిన ఇనుప గ్రిల్, దాని వెనక ఎలుకలు, పాములు దూరని వెల్డ్ మెష్, ఆ తరవాత విప్పి కడుక్కోవడానికి వీలుగా చట్రంలో బిగించిన దోమల జాలీ. అన్నిటికంటే లోపల రబ్బరు అంచున్న చెక్క తలుపు, పగలు గట్టిగా మూయడానికి. పైన కప్పు అంచున కూడా ఇదే వరస. అయితే పై తలుపు నిచ్చెన లేకుండా, నేల మీద నిలబడి రాడ్డుతోనో గొలుసుతోనో తెరిచేలా ఉండాలి. నిచ్చెన కావలసిన వెంటిలేటరు మొదటి నెల దాటాక ఎవరూ ముట్టుకోరు. పావురాలు కూర్చునే అంచు ఎక్కడా మిగలకూడదు. లూవరు ముందు చదునైన సజ్జ ఉంటే దాన్ని వాలుగా మార్చాలి, లేకపోతే ఏడాదిలో ఆ తెరపు రెట్టతో, ఈకలతో పూడుకుపోతుంది.

ఈ తెరపులు తెరవడానికీ మూయడానికీ వేళలను గడియారంతో కాకుండా ఉష్ణోగ్రతతో నిర్ణయించాలి. తలుపు పక్కన లోపల ఒకటి, నీడలో బయట ఒకటి, రెండు మామూలు థర్మామీటర్లు పెట్టి, బయటిది లోపలిదాని కంటే తక్కువ చూపగానే తెరవాలి, ఎక్కువ చూపగానే మూయాలి. మే నెలలో ఇది మామూలుగా రాత్రి ఎనిమిది ప్రాంతంలోనూ, పొద్దున తొమ్మిది లోపునా జరుగుతుంది. కాబట్టి ఈ పని పగటి అటెండరుకు కాక రాత్రి వాచ్‌మన్‌కు అప్పగించి, ఆయన విధుల పత్రంలో రాయించాలి. వాచ్‌మన్ లేని భవనమైతే సాయంత్రం తాళం వేసేటప్పుడే తెరిచి వెళ్ళినా పెద్ద నష్టం లేదు. రెండు మూడు గంటల వెచ్చని గాలి కంటే మిగిలిన పన్నెండు గంటల చల్లగాలి చేసే మేలు ఎక్కువ.

పుస్తకాల గదికీ, పాత రికార్డుల గదికీ మాత్రం ఈ సూత్రం వర్తించదు. వానాకాలపు తేమ గాలి కాగితానికి బూజు పట్టిస్తుంది. వాటిని పఠన మందిరం నుంచి తలుపుతో వేరు చేసి, విడిగా చూసుకోవాలి.

మే మధ్యాహ్నం మూసిన గదిలో ఊపిరికి కావలసిన గాలి కోసం కిటికీలు ఒకటి రెండు ఓరగా తెరిచి, మిగతా పని సీలింగ్ ఫ్యాన్లకు వదలాలి. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. ఎండాకాలంలో గాలిలో తేమ తక్కువ కనుక ఎయిర్ కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. అయితే కూలర్ పెట్టిన గదిలో కిటికీలు మూసేయడం మన దగ్గర అంతటా ఉన్న పొరపాటు. కూలర్ తెచ్చిన గాలి బయటికి పోవడానికి ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. మూస్తే గంటలో గదంతా ఉక్క పోస్తుంది.

ఆసుపత్రుల సంగతి

బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాలి అన్నది హాయికి సంబంధించిన విషయం కాదు, రోగం ఒకరి నుంచి ఒకరికి సోకకుండా ఉండడానికి సంబంధించిన విషయం. సహజ గాలి మీద ఆధారపడే ఓపీకి, వార్డులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగికి సెకనుకు 60 లీటర్లు అడుగుతుంది, గ్రంథాలయానికి ఆరు రెట్లు. దగ్గుతూ వచ్చినవాళ్ళు గంటల తరబడి కూర్చునే వెయిటింగ్ హాలును భవనం మధ్యలో పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. దాన్ని మూడు వైపులా తెరిచిన వరండాగా కట్టాలి. గాలి డాక్టరు వెనక నుంచి వచ్చి, రోగి మీదుగా బయటికి పోయేలా బల్లలు అమర్చాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి నుంచి తాజా గాలి తేదు. ఏసీ పెట్టిన పరీక్ష గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరుచుకునే కిటికీ రెండూ విధిగా ఉండాలి.

కట్టేసిన భవనాలు

బ్రిటిష్ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ గీసిన హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి వంటి నూరేళ్ళ నాటి కట్టడాలలో మందపు గోడలు, ఎత్తైన కప్పులు కరెంటు ఫ్యాను అందరికీ అందని కాలపు అవసరాన్ని చూపుతాయి. 2004లో నగరంలో మొదలైన, పర్యావరణ హిత భవనాలను ప్రోత్సహించే గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో జాలీలు, పైనున్న గాలిని లోపలికి దించే రెండు గాలి గోపురాలు వాడారు. కానీ మనలో చాలామందికి దొరికేవి ఈ రెండు రకాలూ కావు. 1980ల, 90ల నాటి మూడంతస్తుల కాంక్రీటు కార్యాలయాలు. వాటిలో మొదట చేయవలసింది కొత్తగా ఏదైనా పెట్టడం కాదు, అడ్డం ఉన్నవి తీయడం. ఫాల్స్ సీలింగ్ పైన ఏముందో ఒక పలక ఎత్తి చూడండి. నేను చూసిన వాటిలో సగం చోట్ల వెంటిలేటర్లు దాని పైన చీకట్లో చిక్కుకుని ఉన్నాయి. గోడ అంచున మూడడుగుల మేర సీలింగ్ తీసేస్తే అవి మళ్ళీ గదిలోకి వస్తాయి. పెయింటుతో అతుక్కుపోయిన రెక్కలను బ్లేడుతో విడదీయించాలి. కిటికీకి అడ్డంగా నిలబెట్టిన బీరువాలను లోపలి గోడకు మార్చాలి.

ఆ తరవాత అగరుబత్తి వెలిగించి గది మధ్యలో, కూర్చున్న మనిషి ముఖం ఎత్తున పట్టుకోండి. పొగ ఒక దిక్కుకు వంగి సాగిపోతే గాలికి దారి ఉందన్నమాట. నిటారుగా లేచి అక్కడే గుండ్రంగా తిరుగుతుంటే ఎదుటి వైపు ఏదో మూసుకుపోయింది, దాన్ని వెతకాలి. ఈ పరీక్షను తలుపులు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, ప్రతి గదిలోనూ చేసి, ప్లాను మీద బాణపు గుర్తులు వేసుకోవాలి. బాణాలు లేని గదులే మీ పనుల జాబితా. కొత్త తెరపులకు కాంట్రాక్టు పిలిచేటప్పుడు పని ముగింపు గడువు ఫిబ్రవరి నెలాఖరుకు పెట్టండి. కీళ్ళకు నూనె వేయడం, జాలీలు కడగడం, థర్మామీటర్లు సరిచూడడం మార్చి మొదటి వారంలో అయిపోతే, రోహిణి కార్తె వచ్చేసరికి ఆ గోడలు ఎనభై రాత్రులు చల్లారి ఉంటాయి.